సుల్తానా నాపరాయి

ఇది కిందటేడు జరిగిందో అంతకు ముందేడో గానీ, ఏది ముందో ఏది తర్వాతో చెప్పడంలో నాకు తేడా రావచ్చు. రాయి సంగతి మాత్రం బాగా గుర్తుంది.

నరసరావుపేట చేపల మార్కెట్లో సుల్తానా, పుల్లమ్మ పక్కపక్కనే కూర్చుంటారు. పొద్దున్నే గంపలు దించడం, నీళ్లు చల్లడం, కత్తిపీట వేసుకోవడం, పక్క గంప వైపు ఓరగా చూడటం ఇరవై ఏళ్ల అలవాటు. ఓరగా చూసేది పుల్లమ్మే ఎక్కువ.

సుల్తానా చేపలు పరిచే నాపరాయి మీద నీళ్లు నిలిస్తే, ఆ చేపను ఎక్కడ పట్టారో, ఎట్లా తెచ్చారో అందులో కనపడేది. సత్రశాల రేవు, పడవ, వల కన్నాలతో సహా. కొనేవాళ్లు వంగి చూసి, పిల్లచేపలు జారిపోయే వలేనని తేల్చుకుని, "సరే, కిలో కొట్టు" అనేవాళ్లు.

పుల్లమ్మకు కడుపు మండేది. "రాయి పుణ్యాన బతుకుతంది. అదే నాకుంటే చూపిచ్చేదాన్ని" అనేది.

ఆ ఏడు కృష్ణకు కొత్తనీరు వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే ఆ రెండు నెలలూ సుల్తానా ఏటి చేప ముట్టదు, చెరువు చేపే తెస్తుంది. పుల్లమ్మ మాత్రం దొంగచాటుగా పట్టిన ఏటి చేపలు దింపించుకునేది. అప్పుడే బస్టాండు దగ్గర హోటలు నడిపే ఖలందర్ వచ్చి, ఇక ఏడాది పొడుగునా ఒక్కరి దగ్గరే తీసుకుంటాననీ, శనివారం ఇద్దరి సరుకూ చూసి ఖాయం చేస్తాననీ చెప్పాడు. ఆ బేరం కుదిరితే పుల్లమ్మ గొంతు చించుకుని అరిచే పని తప్పుతుంది.

శుక్రవారం మధ్యాహ్నం సుల్తానా నమాజుకని ఇంటికెళ్లినప్పుడు పుల్లమ్మ రాళ్లు మార్చేసింది. రెండూ మాచర్ల రాళ్లే, ఒకటే కొలత.

మర్నాడు సుల్తానా తన ముందున్న రాయిని చేత్తో నిమిరింది.

"నడుం పట్టలేదా అక్కా?"

"ఏందే?"

"ఏం లేదులే. బరువులెత్తితే పడుతుందని."

ఖలందర్ రాగానే పుల్లమ్మ పెద్ద వాలుగను రాయి మీద వేసి చెంబెడు నీళ్లు గుమ్మరించింది. "చూడు బాయ్, బాగా చూడు."

అతను వంగాడు. ఎర్రటి వరద నీళ్లలో, నిండు కడుపుతో ఎదురీదుతోంది ఆ వాలుగ. దానికి అడ్డంగా దోమతెరంత సన్న వల. అందులో గోరంత పిల్లలు కూడా గిలగిల్లాడుతున్నాయి.

"గుడ్ల చేపను పట్టించావేందక్కా? ఈ ఏడు దీన్ని తింటే వచ్చే ఏడు నాకేం పెడతావ్?"

ఖలందర్ పక్కకు జరిగాడు. సుల్తానా ముందు ఉత్త తడి రాయి.

"నీ రాయికేమైంది?"

"దానికి ఇవ్వాళ సెలవు. చేప ముప్పాళ్ళ చెరువుది. నమ్మితే తీసుకో."

తీసుకున్నాడు. ఏడాది బేరమూ ఆమెకే ఖాయం చేశాడు.

రాయి తిరిగిచ్చేద్దామంటే దొంగతనం ఒప్పుకున్నట్టే. అందుకని పుల్లమ్మ అట్టే పెట్టుకుంది. ఇక కొనేవాళ్లంతా ఆమె రాయి మీదకే వంగేవాళ్లు. ఐసు చేప తెస్తే నాలుగు రోజులుగా నడుస్తున్న లారీ కనపడేది. అందరూ వెళ్లిపోయేవాళ్లు. పది రోజులు చూసి, తనకు ఏటి చేప తెచ్చే మనిషికి ఫోన్ చేసింది. "నీళ్లు తేరేదాకా తేవొద్దురా. ఆ సన్న వల చేప ఎప్పుడూ తేవొద్దు."

కొనే దిక్కు లేక అతను ఆ వలను తన కాకరపాదుకు పందిరిగా వేశాడు. మరుసటేడు సత్రశాల నుంచి వచ్చిన గంపలు ఇద్దరు ఎత్తితే గానీ లేవలేదు. పుల్లమ్మ దగ్గరికీ జనం మళ్లీ వచ్చారు. అయినా పొద్దస్తమానం సుల్తానా వైపే చూస్తుంది.

"ఉత్త రాయి మీద పెట్టినా కొంటున్నారే. ఏం మందు పెట్టిందో."

ప్రత్యూషా, నేను చెప్పింది రాసుకున్నావుగా, ఒకసారి మీ అమ్మనడిగి పేర్లు సరిచూడవే. హోటలాయన ఖలందరో, ముబారకో.