నీలిచుక్క కాన్పు

తొండలాయన కర్ర కొసన ఉచ్చు సరిచేసుకుని బోర్లా పడుకున్నాడు. ఎదురుగా బండ మీద మగతొండ ఒకటి, మెడంతా ఎర్రబడి, తల తెగ ఆడిస్తోంది. చూసి మురిసిపోయేందుకు చుట్టుపక్కల ఆడది ఒక్కటీ లేదు. ఇంకా ఎనిమిదిన్నరైనా కాలేదు, బండ అప్పుడే పెనంలా కాలుతోంది. కాసేపటికి అది పెళ్లికొడుకు వేషం చాలించి పగుల్లోకి దూరిపోయింది. ‘మగ ఒకటి. జోడు లేదు’ అని ఆయన పుస్తకంలో రాసుకున్నాడు.

ఇరవై రెండేళ్లుగా పరిశోధన కేంద్రంలో ఆయన పని ఇదే. కొండవాలులో తొండలను పట్టడం, ఒంటివేడి చూడడం, వీపున రంగుచుక్క పెట్టి వదిలెయ్యడం. ఒకప్పుడు వాటి సరసాలు మిట్టమధ్యాహ్నం దాకా సాగేవి. ఇప్పుడు పొద్దెక్కగానే ఎండకు ఓర్వలేక దాక్కుంటున్నాయి. ఇక కలుసుకునేదెప్పుడు, కాపురం చేసేదెప్పుడు? “తొండల పెళ్లిళ్లన్నీ మీకే కావాలి. మన పెళ్లిరోజు మాత్రం గుర్తుండదు” అని భార్య దెప్పేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. పొట్టి మనిషి, మోకాళ్ల దగ్గర మాసికలు వేసిన ప్యాంటు, కమిలిన మెడ. ఆఫీసులో ఉన్నాడో లేడో కూడా ఎవరికీ తెలిసేది కాదు.

ఈ ఏడు వాలు మొత్తం మీద కడుపుతో కనిపించింది వీపున నీలిరంగు చుక్క ఉన్న ఒక్క ఆడతొండే, నీలిచుక్క. నిన్న సాయంత్రం ఎప్పటి పొద కిందే గుంత తవ్వి గుడ్లు పెట్టింది. ఆ పొద ఎండి పుల్లలైపోయిందని దానికేం తెలుసు? పదకొండింటికి ఆయన మట్టిలో థర్మామీటరు గుచ్చి చూశాడు. ముప్పై ఎనిమిది డిగ్రీలు. వెంటనే కేంద్రానికి ఫోన్ చేశాడు.

“అమ్మాయిగారూ, గుడ్లు దక్కేలా లేవండి.”

అవతల ఫోన్ ఎత్తింది కేంద్రంలో పరిశోధన చేసే అమ్మాయి. “నాకూ బాధగానే ఉంది బాబాయ్. కానీ మనం చూడాలంతే. చెయ్యి పెడితే లెక్కంతా తప్పిపోతుంది.”

“అలాగేనండి.”

ఇరవై రెండేళ్లుగా ఆయన అంటున్న మాటే అది. ఎన్నో గుడ్లు ముడుచుకుపోవడం చూశాడు, రాశాడు, దిగి వచ్చేశాడు. ఇవాళ మాత్రం కాళ్లు కదల్లేదు. చివరికి తన గొడుగు విప్పి, గుంత మీదికి వాల్చి, పడిపోకుండా చుట్టూ రాళ్లు పేర్చాడు. పుస్తకంలో రాశాడు: ‘నీడ నేనే పెట్టాను. ఈ గుడ్లను లెక్కలో కలపొద్దు.’

ఉత్త తలతో గంటన్నర నడిచి కేంద్రానికి చేరాడు. వరండాలో బెంచీ మీద కూర్చుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని గోడకు ఒరిగాడు. కునుకు తీస్తున్నాడనుకుని అమ్మాయి చప్పుడు చెయ్యకుండా ఫ్యాను వేసి వెళ్లింది. మూడింటికి టీ తెచ్చి భుజం తట్టింది. ఒళ్లు ఇంకా కాలుతూనే ఉంది. ఊపిరి లేదు.

భార్య వచ్చింది. ఏడవడం కూడా మరిచిపోయి బెంచీ కిందా తలుపు చాటునా వెతికింది.

“గొడుగు లేకుండా గడప దాటరమ్మా ఆయన. గొడుగేదీ?”

పుస్తకం అప్పటికే చదివిన అమ్మాయి కొండవాలు వైపు చూసింది.

మర్నాడు గొడుగు తెచ్చి ఆవిడకిద్దామనే వాలెక్కింది. దాని నీడలో మట్టి మీద అరచెయ్యి ఆనించింది. చల్లగా తగిలింది. అక్కడే కూర్చుని ఏడ్చింది. తర్వాత జారిన రాయి ఒకటి సరిచేసి, వట్టి చేతులతో దిగి వచ్చి, పుస్తకంలో ఆయన రాసిన ముక్క కింద తన సంతకం కూడా పెట్టింది.

వాలు మీద ఆ నల్ల గొడుగు, విరిగిన ఊచ దగ్గర భార్య వేసిన ఎర్రదారం కుట్టుతో, గుప్పెడు మట్టికి నీడ పడుతూ ఉండిపోయింది.