తల్లిచెట్ల తోట

వర్సిటీ సెక్యూరిటీ వాళ్లు నలుగురు కత్తులతో వచ్చి, కంబావో మూడేళ్లుగా పెంచిన నలభై కోకో చెట్లను శనివారం పొద్దున గంటలో నరికేశారు. ఆ చెట్ల మీదే అతని చివరి సంవత్సరం పరీక్ష. కాయతొలుచు పురుగు ఏ చెట్టును తక్కువ ముట్టుకుంటుందో వారం వారం రాసుకున్న పుస్తకం పట్టుకుని అడ్డం వెళ్లాడు. ఒకడు కత్తి తిరగేసి పిడితో ముంజేతి మీద కొట్టాడు. పుస్తకం బురదలో పడింది.

నర్సరీ పాకలోంచి తోలిమన్ ఇదంతా చూశాడు. వునలామ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఇరవై రెండేళ్లుగా అంటు కట్టే కూలీ అతను. ఆరో తరగతితో బడి వదిలేశాడు. పట్టాలు పుచ్చుకుని రాజధాని పోర్ట్ మోర్స్‌బీలో చల్లటి గదుల్లో కూర్చున్న వ్యవసాయాధికారులలో సగం మందికి, బెరడు చీల్చి మొగ్గ కూర్చడం నేర్పింది అతనే. ఆ సంగతి ఏ పట్టా మీదా రాసి ఉండదు.

"ఎవరు నరకమన్నారు?" అని అడిగాడు.

"పైవాళ్లు," అన్నాడు కొట్టినవాడు. వాడిదీ పక్క ఊరే. "నన్నడక్కు అన్నా. పిల్లలు గలవాణ్ణి."

"కొట్టమని కూడా పైవాళ్లే అన్నారా?"

వాడు కత్తి తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి సంగతి బయటపడింది. వర్సిటీ భూమిలో ఎనభై హెక్టార్లు పామాయిల్ కంట్రాక్టరుకు రాసిచ్చేశారు. కంబావో చెట్లూ, తల్లిచెట్ల తోటా అందులోనే ఉన్నాయి. పురుగు వచ్చి ఆ చుట్టుపక్కల కోకో అంతా నల్లబడిపోయిన ఏడు, తట్టుకు నిలిచిన చెట్లను ఊరూరా వెతికి, వాటికి అంటు తెచ్చి పెంచిన తోట అది. ఏ రైతు వచ్చినా అంటుపుల్లలు కోసి, తడిగోనెలో చుట్టి, ఊరికే ఇచ్చి పంపేవారు. తోట పోయిందా, ఇక కోకో పోయి, పామాయిల్ మొక్క కోసం ప్రతివాడూ కంట్రాక్టరు గేటు ముందు నిలబడాల్సిందే. సోమవారం బుల్డోజరు వస్తుందన్నారు.

గింజలు ఆరబెట్టే షెడ్డులో మీటింగు పెట్టారు. ఈ ఊళ్ల కూలీలు ఒక పక్క, దూరపు కొండల నుంచి చదువుకు వచ్చిన విద్యార్థులు ఒక పక్క.

"భూమి మీది," అన్నాడు కంబావో, చేతికి గుడ్డ కట్టుకుని. "రేపు కంట్రాక్టరును తరుముతారు. ఎల్లుండి మమ్మల్ని తరుముతారు. కొండలవాళ్లంటే మీకు పడదుగా."

"పడదు," అందో కూలీ మనిషి. "హాస్టల్లో పాటలు చెవులు చిల్లులు పడేలా పెడతారు. అది వేరే గొడవ."

నవ్వులు లేచాయి. కంబావో నవ్వలేదు.

"ముందు కోర్టుకు పోదాం" అని ఒకరు, "మంత్రికి అర్జీ పెడదాం" అని ఒకరు. వాదన తెగలేదు. తోలిమన్‌కు కూర్చోబుద్ధి కాలేదు. "కోర్టు తెరిచేలోపు తోట ఉండదు. నేను గోర్‌గోర్ కడతా," అని లేచాడు.

అడవి అల్లపు కాడను ఆకులతో సహా దారిలో పాతి కడితే, ఆ నేల గలవాళ్లు ఆగమన్నట్టు. సర్కారు బోర్డును లెక్కచేయనివాడు కూడా గోర్‌గోర్ దాటడు. దాటినవాడు ఆ పక్కన తలెత్తుకు తిరగలేడు.

సోమవారం బుల్డోజరు గోర్‌గోర్ ముందు ఆగింది. డ్రైవరు దిగి పొగ వెలిగించుకున్నాడు. కాసేపటికి వర్సిటీ రిజిస్ట్రారు తెల్లకారులో వచ్చాడు. ఆయనా ఈ ప్రాంతం మనిషే.

"ఎవరు కట్టారిది?"

"నేను."

"మీ అమ్మది ఏ ఊరు తోలిమన్?"

తోలిమన్ గోర్‌గోర్ ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"వేరే దీవి మనిషి కదూ మీ అమ్మ. ఇది మీ నాన్న వాళ్ల నేల. మనకు నేల ఎవరి వైపు నుంచి వస్తుందో నీకు నేను చెప్పాలా? తల్లి వైపు. తండ్రి నేల మీద నువ్వు చుట్టానివి. చుట్టం గోర్‌గోర్ కడతాడా?"

ఆయన తన చేత్తోనే పీకి అవతల పారేశాడు. మధ్యాహ్నం లోపల ఆరు తల్లిచెట్లు పడ్డాయి. చచ్చిపోయిన తండ్రి నేల మీద నలభై ఎనిమిదేళ్లు బతికి, ఆ నేల తనది కాదని మరిచాడు తోలిమన్. ఊరి పద్ధతి ఊరివాళ్లందరికీ తెలుసు. కానీ పెద్దకుర్చీ వాడికి అవసరం పడ్డ రోజునే అది చట్టమవుతుంది.

సాయంత్రం మేనత్త ఇయాపిడిక్ ఇంటికి వెళ్లాడు. ఆమె మెట్ల మీద కూర్చుని చేమదుంపలు చెక్కు తీస్తోంది.

"తప్పు చేశానత్తా."

"ఊరంతా చెప్పుకుంటున్నారు. మా అన్న నీకు చేపలు పట్టడం నేర్పాడు గానీ, నువ్వెవరివో చెప్పకుండా పోయాడు."

"కంట్రాక్టరు కాగితం మీద మీవాళ్ల సంతకాలు ఎవరివి?"

"నా తమ్ముళ్లు ముగ్గురివీ. కంట్రాక్టరు పంది మాంసం, బీరు పంపాడు. తిన్నారు, తాగారు, పెట్టారు. ఈ నేల నడిచేది మా ఆడవాళ్ల కడుపుల మీదుగా. నన్నొక్క మాట అడిగినవాడు లేడు."

"నువ్వు కట్టు అత్తా."

ఆమె దుంప పక్కన పెట్టింది. "కడితే ఆ కొండల పిల్లలు ఏమనుకుంటారు? లాక్కుంటున్నామనేగా. వాళ్లకు చెప్పు. మా అమ్మ ఈ నేల బడికిచ్చింది. మా పిల్లలకని కాదు, వచ్చిన ప్రతి బిడ్డకీ. బడి ఉన్నన్నాళ్లు బడిది. నూనె కంపెనీకి మాత్రం ఇవ్వలేదు."

మంగళవారం తెల్లారేసరికి ఇయాపిడిక్ వెంట నలభై మంది ఆడవాళ్లు వచ్చారు. మూడడుగులకో గోర్‌గోర్ పాతారు. డ్రైవరు ఇంజన్ ఆపి, తాళంచెవి తెచ్చి రిజిస్ట్రారు చేతిలో పెట్టాడు.

"మీరు తోలండి సార్. నేను దాటను."

రిజిస్ట్రారు ఫోను తీసి దూరంగా నడిచాడు. పోలీసులు వస్తారని అందరికీ అర్థమైంది. ఎంత టైముందో తెలియదు.

"తోట నిలబడదు మామా," అన్నాడు కంబావో. "అంటుపుల్లలు కోసి ఊళ్లకు తరలిస్తే?"

తోలిమన్ అతని వంక చూశాడు. ఇరవై రెండేళ్లలో ఒక విద్యార్థి తనకు పని నేర్పడం అదే మొదటిసారి.

ఇయాపిడిక్ తలూపింది. "గోర్‌గోర్ యంత్రానికి. మీరు లోపలికి పోండి."

కూలీలు కోశారు, విద్యార్థులు చుట్టారు. కొండలవాళ్లు భుజాన వేసుకుని రోడ్డుకు మోశారు. రెండు రోజులు పొద్దు పొడిచింది మొదలు గూకేదాకా ఎవరూ కుదురుగా ముద్ద తినలేదు. చెట్టు చెట్టుకీ పేరు రాసి కట్టిన మూటలు, జనాన్ని ఎక్కించుకుపోయే లారీల్లో ఊళ్లకు వెళ్లాయి. మూటతో పాటు ఒక మనిషీ వెళ్లాడు, అంటు కట్టి చూపడానికి. ఉత్త పుల్ల ఇస్తే సాయం. పని నేర్పితే మళ్లీ ఎవడి గుమ్మమూ ఎక్కక్కర్లేదు.

గురువారం పోలీసులు వచ్చారు. దూరపు జిల్లా నుంచి కొత్త డ్రైవరును తెచ్చుకున్నారు.

"నాయకుడెవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

రిజిస్ట్రారు తోలిమన్‌ను చూపించాడు. సంకెళ్లు వేసి వ్యాను వెనక ఎక్కించారు. వెంటనే ఇయాపిడిక్ చీపురుపుల్లలాంటి చెయ్యి చాచి, "పట్టుకో, ఎక్కలేను," అంది పోలీసుతో. వాడు అలవాటుగా చెయ్యిచ్చాడు. ఆమె ఎక్కి కూర్చుంది. వెనకే ఇంకొకామె. ఇంకొకామె. వ్యాను స్ప్రింగులు కిర్రుమన్నాయి.

"దిగండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"కట్టింది మేము. నేరం మాది. బండి పోనీ," అంది ఇయాపిడిక్.

వ్యానులో పట్టనివాళ్లు దాని చుట్టూ నడిచారు. కంబావో, అతని కొండలవాళ్లు, కూలీలు, అందరూ. బండి మనిషి నడక కంటే వేగంగా పోలేకపోయింది. వెనక బుల్డోజరు ఇంజన్ మోగింది. చెట్టు విరిగిన చప్పుడు వినిపించింది. మరొకటి.

మొదటి ఊరి దగ్గర, రోడ్డు పక్క కోకో తోటలో ఒక నడివయసు రైతు మనిషి మోకాళ్ల మీద కూర్చుని బెరడు చీలుస్తోంది. వ్యానును చూసింది. చెయ్యి ఆపలేదు.

"తోలిమన్, మొగ్గ ఎటు పెట్టాలయ్యా? నిన్నటి పిల్లోడు చెప్పాడు, మరిచిపోయా."

"కన్ను పైకి," అని వ్యానులోంచి అరిచాడు తోలిమన్. "తలకిందులైతే అంటు పట్టదు. కింద నుంచి పైకి చుట్టు. నీళ్లు దిగకూడదు."

పోలీసు అతని భుజం మీద తట్టాడు. "నోర్ముయ్."

"గట్టిగా చుట్టు," అన్నాడు తోలిమన్.

ఆమె చుట్టింది. ముడి లాగి చూసుకుంది. చేతులు తుడుచుకుని, రోడ్డెక్కి, నడిచేవాళ్లలో కలిసింది.