పాని హలీనాకు తాంబూలం

రామ్మోహన్ చేసిన పొరపాటు ఒకటి, కాత్యాయని చేసిన పొరపాటు ఒకటి. రామ్మోహన్‌ది కొన్నాళ్ళకి నవ్వుకోవడానికి పనికొచ్చింది. కాత్యాయనిది అలా కాదు.

తొంభై తొమ్మిదో సంవత్సరం జనవరిలో వాళ్ళిద్దరూ, ఐదేళ్ళ కూతురు భానుశ్రీ సిడ్నీలో దిగారు. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తలకిందులవుతాయని అందరూ హడలిపోతున్న రోజులవి. ఆ భయం పుణ్యమా అని రామ్మోహన్‌కి బ్యాంకులో ఉద్యోగం వచ్చింది, క్వేకర్స్ హిల్‌లో రెండు గదుల అద్దె ఇల్లు వచ్చింది. కారు మాత్రం రాలేదు. అందుకని నడిచి వెళ్ళగలిగే బడి కావాల్సి వచ్చింది. రెండు వీధుల అవతల చర్చి, దాని పక్కన ఎర్ర ఇటుకల చిన్న బడి కనిపించాయి. బడి పేరు సెయింట్ కింగా. గేటు దగ్గర మెడలో సిలువతో ఒక సిస్టర్ నవ్వుతూ నిలబడి ఉంది. రామ్మోహన్ ఇంకేమీ చూడలేదు.

"కాన్వెంటే కాత్యాయనీ! మన చీరాల్లో కాన్వెంట్ సీటుకి ఎంతమంది కాళ్ళు పట్టుకోవాలి? ఇక్కడ ఫారం ఇస్తే చాలంట!"

మన వాళ్ళకి కాన్వెంట్ అంటే ఇంగ్లీషు. ఇక రెండో ప్రశ్న ఉండదు. ఫారం మొత్తం చదివిన పాపాన కూడా పోలేదు, సంతకం పెట్టేశాడు. వారం తిరక్కుండానే విషయం బయటపడింది. పోలండు నుంచి వచ్చిన కుటుంబాలు తమ పిల్లల కోసం పెట్టుకున్న బడి అది. సగం పాఠాలు ఇంగ్లీషులో, సగం పోలిష్ భాషలో. అరవై మంది పిల్లల్లో పోలండుతో ఏ సంబంధమూ లేనివాళ్ళు నలుగురు. అందులో మన భానుశ్రీ ఒకతె.

"పోన్లే, ఒక లాంగ్వేజ్ ఎక్స్‌ట్రా," అని రామ్మోహన్ ఆఫీసుకి వెళ్ళిపోయాడు. ఆ ఏడాదంతా అతను అదే పనిగా ఆఫీసుకి వెళ్తూనే ఉన్నాడు.

ఇక కాత్యాయని పొరపాటు. ఆమె చీరాలలో ఆరేళ్ళు ఒకటో తరగతి టీచరు. అక్కడి పిల్లలు వందల మందికి చెయ్యి పట్టి అక్షరాలు దిద్దించింది. కానీ భానుశ్రీకి అక్షరాభ్యాసం అనుకున్న విజయదశమి నాడు వీసా కాగితాల కోసం మద్రాసులో ఉండాల్సి వచ్చి అది కాస్తా ఆగిపోయింది. ముహూర్తం పెట్టి, పూజ చేసి, బియ్యంలో రాయించేదాకా పిల్లకి బలపం ఇవ్వకూడదని ఆమె పట్టుదల. వచ్చే దశమికి సిడ్నీలోనే గుడి చూసుకుని, తనే గురువుగా కూర్చుని, తన చేత్తో దిద్దించాలనుకుంది. ఈలోగా బడికి పంపితే ఏముందిలే, కిండర్‌గార్టెన్ అంటే ఆటలూ పాటలే కదా అనుకుంది. ఆరేళ్ళు టీచరు ఉద్యోగం చేసిన మనిషికి ఆ మాత్రం తెలియదా అంటే, తెలియలేదు.

ఫిబ్రవరి నెలాఖరులో ఒక రోజు భోజనం డబ్బా మర్చిపోయిందని తీసుకెళ్ళింది. తరగతి కిటికీలోంచి లోపలికి చూసింది. భానుశ్రీ బల్ల ముందు కూర్చుని ఉంది. వెనక నుంచి వంగి, యాభై దాటిన ఒక భారీ మనిషి తన తెల్లటి పెద్ద చెయ్యి పిల్ల చేతి మీద వేసి, పెన్సిల్ పట్టించి, కాగితం మీద మెల్లగా నడిపిస్తోంది. పిల్ల నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి రాస్తోంది. కాత్యాయని డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నా పని అది, నా కూతురి చెయ్యి అది, అనిపించింది.

ఆవిడ పేరు హలీనా. పిల్లలు పాని హలీనా అంటారు. పాని అంటే వాళ్ళ భాషలో అమ్మగారు అన్నట్టు. ఆ రోజు నుంచి ఆ పేరు వింటే చాలు, కాత్యాయనికి ఒళ్ళు మండేది. పైకి మాత్రం గేటు దగ్గర ఇంత నవ్వు నవ్వేది. ఆవిడ మంచి మనిషి కాకపోయినా బాగుండేది. ఎంత వెతికినా వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

తెలుగులో ఏమడిగినా భానుశ్రీ ఇంగ్లీషులో జవాబు చెప్పేది. మెట్లు ఎక్కుతూ "యెదెన్, ద్వా" అని లెక్కపెట్టేది. బొమ్మల్ని వరసగా కూర్చోబెట్టి, అచ్చం హలీనాలా తల ఊపుతూ పోలిష్‌లో పాఠం చెప్పేది. ఒకసారి కాత్యాయని ఉండబట్టలేక పక్కన కూర్చుంది.

"నాక్కూడా ఒక బొమ్మనివ్వవే. నేను కూడా పాఠం చెప్తా."

"యూ కాంట్, అమ్మా. యూ డోంట్ నో ద లెటర్స్," అంది పిల్ల, చాలా జాలిగా.

ఆ మాటకి కాత్యాయని వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చింది.

హలీనా ఒక్కదాని మీదే కాదు, ఆ పోలండు వాళ్ళందరి మీదా ఆమెకి కుళ్ళే. పట్టుమని నలభై కుటుంబాలు లేవు, ఒక బడి నిలబెట్టుకున్నారు. మనవాళ్ళు అంతకంటే ఎక్కువ మందే ఉన్నారు. ఆదివారాలు పార్కులో చేరి బార్బెక్యూ పొయ్యి మీద చికెన్ కాలుస్తూ, పిల్లలకి తెలుగు రావడం లేదని ఒకళ్ళతో ఒకళ్ళు చెప్పుకుని ఇళ్ళకి పోతారు.

అక్టోబర్‌లో బడి నుంచి కాగితం వచ్చింది. కొత్తగా చేరిన పిల్లల్ని విద్యార్థులుగా స్వీకరించే వేడుకట. పోలండులో ప్రతి బడిలోనూ చేస్తారట. మనిషంత పొడుగు పెన్సిల్ ఒకటి చేసి, దానితో ప్రతి పిల్ల భుజం మీదా తాకి, నువ్వు ఇక ఈ బడి విద్యార్థివి అని చెబుతారట. తాకేది హలీనా. తేదీ చూస్తే సరిగ్గా విజయదశమి.

"ఐ విల్ వేర్ ఎ పేపర్ క్రౌన్!" అని భానుశ్రీ ఇల్లంతా గంతులేసింది.

వేడుక పొద్దున పదింటికి. గుడికి మధ్యాహ్నం వెళ్ళినా పోయేదేం లేదు, దశమి సాయంత్రం దాకా ఉంది. అయినా కాత్యాయని ఒక కాగితం తీసుకుని, భానుశ్రీకి జ్వరంగా ఉంది, రెండు రోజులు బడికి రాదు అని ఇంగ్లీషులో రాసి, ఎదురింటి పోలిష్ పిల్లతో పంపించేసింది. రాస్తుంటే హాయిగా కూడా అనిపించింది.

దశమి పొద్దున్నే శ్యామసుందరిగారు కారు తెచ్చారు. పక్క వీధిలో ఉండే ఆవిడే కాత్యాయనికి ఆ ఊళ్ళో ఉన్న ఒక్క స్నేహం. పిల్ల పట్టు పరికిణీలో వెనక సీట్లో ముడుచుకుని కూర్చుంది.

"ఏమ్మా బంగారం, మూతి ముడిచావు?"

"ఐ వాంట్ మై క్రౌన్, ఆంటీ."

హెలెన్స్‌బర్గ్ గుడిలో పూజారిగారు సరస్వతి పూజ చేయించారు. "తల్లే దిద్దిస్తానంటే అంతకంటే ఏం కావాలమ్మా, కూర్చోండి," అని బియ్యం పోసిన పళ్ళెం ముందుకు జరిపారు. కాత్యాయని కొత్త చీర సర్దుకుని కూర్చుంది. కూతురి చేతికి పసుపు కొమ్ము ఇచ్చి, ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. ఎనిమిది నెలలుగా ఈ నిమిషం కోసమే బతికింది. ఓంకారం మొదలుపెట్టింది. పిల్ల చెయ్యి తను నడిపిన వైపు కదల్లేదు. భానుశ్రీ వేళ్ళు తమకు తెలిసిన దారిన తాము వెళ్ళిపోయాయి. తల్లి చేతిని కూడా లాక్కుంటూ బియ్యంలో గుండ్రంగా, గబగబా తన పేరు మొత్తం ఇంగ్లీషులో రాసేశాయి.

పూజారిగారు నవ్వారు. "ఓహో, అమ్మాయిగారికి అక్షరాలు ముందే వచ్చేశాయే! ఎవరు నేర్పారు తల్లీ?"

"పాని హలీనా," అంది భానుశ్రీ. ఆ రోజంతటిలో మొదటిసారి దాని మొహం వికసించింది.

"బళ్ళో టీచరండీ. మనవాళ్ళు కాదు," అంది కాత్యాయని గబుక్కున.

"ఎవరైతేనేం? దిద్దించిన గురువు ఆవిడేగా. ఈ తాంబూలం ఆవిడకి వెళ్ళాలమ్మా. పిల్ల చేత దణ్ణం పెట్టించి ఇవ్వండి. దశమి దాటకుండా ఇస్తేనే ఇది పూర్తయినట్టు, లేకపోతే సగమే."

ముహూర్తం లేకుండా బలపం పట్టించనన్న మనిషి, సగం పూజతో ఇంటికెలా వెళ్తుంది? కూతురి చదువు సగంలో ఆగిపోతే? తిరుగు ప్రయాణంలో కాత్యాయని ఒళ్ళో తాంబూలం పళ్ళెం పెట్టుకుని ఆ గురువుని, ఆ పెన్సిల్‌ని, ఈ పూజారిగారిని వరసగా తిట్టుకుంటూనే ఉంది. క్వేకర్స్ హిల్ వచ్చాక మాత్రం, "శ్యామసుందరిగారూ, ఒక్కసారి బడి దగ్గర ఆపండి," అంది.

మూడు కావస్తోంది. వేడుక ఎప్పుడో అయిపోయింది. పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన తల్లులు హాల్లో మిగిలిన కేకులు తింటున్నారు, పిల్లలు కాగితం కిరీటాలతో పరుగులు పెడుతున్నారు. పట్టు పరికిణీ చూడగానే హలీనా ఎదురొచ్చి, పిల్ల నుదుటి మీద చెయ్యి వేసింది.

"జ్వరం తగ్గిందా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"ఐ డిడంట్ హావ్ ఎనీ ఫీవర్," అంది భానుశ్రీ. తర్వాత గుడిలో చెప్పినట్టే వంగి, ఆవిడ నల్ల బూట్ల మీద రెండు చేతులూ ఆనించి కళ్ళకద్దుకుంది.

హలీనా హడలిపోయి వెనక్కి జరిగింది. "ఏమిటిది? ఎందుకిలా?" అని కాత్యాయని వైపు చూసింది. కేకులు తింటున్న తల్లులంతా ఇటు తిరిగారు.

థాంక్స్ చెబుతోందండీ అనేస్తే సరిపోయేది. ఆవిడకి తేడా తెలియదు, పిల్లకీ తెలియదు. తల్లి స్థానం తల్లికే ఉండిపోయేది. కాత్యాయని నాలుక చివరిదాకా ఆ మాట వచ్చింది కూడా.

"మొదటి అక్షరం దిద్దించినవాళ్ళకి మా పిల్లలు ఇలా దణ్ణం పెడతారు," అంది, పళ్ళెం ముందుకు చాపి. వచ్చిన ఇంగ్లీషు కూడా తడబడింది. "ఒక్కరికే పెడతారు. నేనూ టీచర్నే. నా కూతురికి నేనే దిద్దించాలనుకున్నాను. మీరు దిద్దించేశారు. జ్వరం లేదు. నాకు మీరంటే అసూయ, అందుకే అబద్ధం రాశాను."

హలీనా మళ్ళీ దగ్గరికొచ్చింది. ఒక చెయ్యి భానుశ్రీ తల మీద వేసింది.

"నా కొడుక్కి రాయడం నేర్పినావిడ పేరు ఇరెనా," అంది. "అప్పుడు నేను పక్క గదిలోనే వేరే పిల్లలకి పాఠం చెబుతున్నాను. ముప్పై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ ఆవిడంటే నాకు ఒళ్ళు మంట."

ఆ మాట అని రెండు చేతులూ చాచి పళ్ళెం అందుకుంది.