ముప్పై ఒక్క గళ్లు

శ్రీవాసవి ఉగ్గాని టిఫినుకు నానేసిన బొరుగులు పిండుతుండగా ముందుగదిలోంచి కేక వచ్చింది. "వాసవీ, యాడుండావ్? బిన్నా రా!"

చేతులు కొంగుకు తుడుచుకుంటూ పరుగెత్తింది. భర్త ప్రదీప్‌కుమార్ ల్యాప్‌టాప్‌లో బెంగళూరు మేనేజరూ, మరో నలుగురూ కాచుకుని ఉన్నారు. మైకూ కెమెరా ఆపేసి కూచున్నాడు మహానుభావుడు. తెర మీద ఎర్రటి ఎర్రర్.

"నిన్న బాగానే నడిచె. ఇప్పుడు సతాయిస్తాంది. చూడు!"

మూడు నెలలుగా ఇదే సంబడం. ఏదో ఆసుపత్రి సిబ్బంది హాజరు పట్టికలు కట్టే పాత ప్రోగ్రాములను పెర్ల్ అనే పాత కంప్యూటరు భాష నుంచి పైథాన్‌లోకి మార్చాలి. కంపెనీ ఆ పని ఇచ్చింది ప్రదీప్‌కి, డోన్‌లో ఇంట్లో కూచుని చేసింది శ్రీవాసవి. పప్పు ఉడికేలోపు ఒక ఫైలు, అత్తగారి మోకాళ్లకు మందు రాసొచ్చి ఇంకో ఫైలు, మొత్తం నలభై రెండు. "ఊరికే కూచోనుండేదానివే కదా" అన్నాడు మొదట్లో. "మొగుడికి సాయం చేస్తే అరిగిపోతావా?" అంది అత్త వెంకటలక్ష్మమ్మ. అవన్నీ మింగేసి, "ఇదైపోనీ, మా టీములో ఒక పోస్టు ఉండాది, సార్‌తో నేనే మాట్లాడ్తా" అన్న ఒక్క మాట పట్టుకుని వేలాడింది, పిచ్చిది. పెళ్లైన ఏడేళ్లలో ఆమె ఎంసీఏ చదువు గురించి ఆ ఇంట్లో ఎవరైనా ఎత్తిన మాట అదొక్కటే మరి.

పెర్ల్‌లో ఒక సుఖముంది. ఖాళీ పట్టికలో ఇరవయ్యో గడిలో ఏదైనా పెడితే, ముందున్న గళ్లు వాటంతటవే పుట్టుకొస్తాయి. పైథాన్‌లో అట్లా కుదరదు, గళ్లన్నీ ముందే ఒకరు చేసిపెట్టాలి. అందుకే నెలకు ముప్పై ఒక్క ఖాళీ గళ్లు కట్టే లైను ప్రతి ఫైలులోనూ రాసింది. ఆఖరి ఫైలులో మాత్రం ఆ లైను చివర, కంప్యూటరు పట్టించుకోని వ్యాఖ్యగా, తన పేరు పెట్టుకుంది. సార్ కంట్లో పడుతుందేమోనని ఆశ.

ఇప్పుడా పేరు లేదు. పేరుతో పాటు లైనూ లేదు.

"నా పేరు తీసేస్తిరా?"

"తియ్యక? సార్ చూస్తే నా మర్యాదేం కావల్ల? ఆ లైనంతా కొట్టేసినా. పేరు తీసేస్తే ప్రోగ్రాం నిలిచిపోతాదా యాడైనా?"

ఏడేళ్ల అలవాటు, ఆమె వేళ్లు వాటి పని అవి చేసుకుపోయాయి. పేరు లేకుండానే లైను తిరిగి టైపు చేసింది. ఇంకా సేవ్ చెయ్యలేదు, స్పీకర్లో మేనేజరు గొంతు వినిపించింది.

"ప్రదీప్, ఈలోగా ఒక మాట. మీ మిసెస్ ఎంసీఏ అన్నారు కదా? మన టీములో ఆ పోస్టుకు ఇవాళే ఆఖరు. ఆమె చేస్తారా?"

ప్రదీప్ మైకు తెరిచాడు. మూరెడు దూరంలో ఉన్న భార్య వైపు చూడనైనా లేదు.

"లేదు సార్. ఆమెకు ఇంటిపనే సరిపోతాది. ఇంట్రెస్ట్ లేదు." మైకు మూసి, "ఊ, కానీ" అన్నాడు.

ఆమెకు కోపం కూడా రాలేదు. సేవ్ చేసినా ఉద్యోగం రాదు, చెయ్యకున్నా రాదు. ఎన్నేళ్లు బతికినా తన చదువు ఈ గది గడప దాటదు. ఆ సంగతి ఎప్పుడో తెలిసుండాల్సింది. టైపు చేసిన లైనును అక్షరం అక్షరం చెరిపేసి లేచింది.

"యాడికి పోతాండావ్? సార్ వాళ్లు కాచుకోనుండారు!"

"ఇప్పుడే మీరే కదా చెప్తిరి, నాకు ఇంట్రెస్ట్ లేదని" అని, బొరుగులు మెత్తబడిపోతాయని వంటింట్లోకి నడిచింది.