వట్టి ముక్క

మా అద్దకం యూనిట్లో కొత్త రంగు వస్తే దాన్ని ఎవరమూ నమ్మం. తెల్లగుడ్డను నాలుగు ముక్కలు చేస్తాం. మూడింటిని మూడు రకాలుగా ముంచి, నాలుగోదాన్ని వట్టిగా సొరుగులో పెడతాం. ఆరాక నాలుగింటినీ కిటికీ దగ్గర పక్కపక్కన పరిచి చూస్తాం. పక్కన వట్టి ముక్క లేకపోతే, రంగు వేసిన ముక్కలో ఏం మారిందో ఎవరికీ తెలియదు. ఏళ్ల తరబడి నేను చేస్తున్నది ఈ చూసే పనే. నా కన్ను తప్పదని మా మేనేజరు కూడా ఒప్పుకుంటాడు. ఆయన ఊరికే ఒప్పుకునే రకం కాదు.

అలాంటిదాన్ని, నా తలను నేనే చూసుకుని ఏమీ తేల్చుకోలేకపోయాను.

కీమోతో జుట్టు పోతుందని ముందే చెప్పారు, పోయింది. ఒక పూట ఏడ్చి ఊరుకున్నాను. కానీ జుట్టు పోయాక నెత్తి మండుతుందనీ, దిండు తగిలినా నొప్పి పుడుతుందనీ, చెవుల వెనక నుంచి మాడు దాకా ఎర్రటి పొక్కులు లేస్తాయనీ ఎవరూ చెప్పలేదు. చెప్పారేమో, నాకే వినబడలేదు. ఆస్పత్రిలో కూర్చున్నప్పుడు సగం మాటలు చెవి దాకా వచ్చి వెనక్కి పోయేవి. ఒక్క మాట మాత్రం గట్టిగా దిగింది. పొక్కులు చీము పడితే తర్వాతి విడత వాయిదా వేయాల్సి వస్తుందని డాక్టరు అన్నారు. ఇంకా రెండు విడతలు ఉన్నాయి. మధ్యలో ఆగితే లోపలున్నది మళ్లీ లేస్తుందేమోనని నాకు భయం. ఆ భయం ముందు ఈ మంట ఎంత?

నర్సు చెప్పిన జాగ్రత్తలు ఒక చేతి వేళ్లకు సరిపోయేవి. వాసన లేని సబ్బు, గోరువెచ్చటి నీళ్లు, రుద్దకుండా మెత్తగా అద్దుకోవడం, పూటకోసారి తెల్ల క్రీము, నూలు టోపీ. గోకవద్దని మరీ మరీ చెప్పింది. అంత చిన్న వైద్యంతో మావాళ్ల కడుపు నిండుతుందా? ఆడపడుచు నూనె సీసా పట్టుకొచ్చి, పొడిబారిన తలకు నూనె కాక ఇంకేం పెడతారని అడిగింది. పక్కింటావిడ నూనె పేరెత్తితేనే ముక్కు విరిచింది. కలబంద గుజ్జు ఒక్కటే చల్లబరుస్తుందట. మందు పనిచేస్తోంది కాబట్టే పొక్కులు వచ్చాయని ఒకరు, మందు ఒంటికి పడలేదు కాబట్టే వచ్చాయని ఇంకొకరు. ఎవరు మాట్లాడుతుంటే వాళ్లదే నిజమనిపించేది. వాళ్లు వెళ్లగానే ఎవరి మీద పడితే వాళ్ల మీద కోపం వచ్చేది. మొదట దొరికేది మా ఆయనే కాబట్టి ఆయన మీద వచ్చేది.

నాకు తెలిసిన విద్య ఒకటే కదా. తలను నాలుగు ముక్కలు చేద్దామన్నాను.

మా ఆయన టైల్స్ పరిచే మేస్త్రీ. గీత వంకర పోతే అన్నం సహించదు ఆయనకు. కనుబొమలు దిద్దుకునే పెన్సిల్ ఇచ్చి నెత్తి మీద గీతలు గీయమంటే, అటు తిరిగి ఇటు తిరిగి కొలతలు చూసి, చివరికి చేతులెత్తేశాడు.

"నేలయితే గీత నిలబడుతుందే. ఇది గుండ్రంగా ఉంది, నేనేం చెయ్యను?"

నవ్వు ఆగలేదు. నవ్వితే చర్మం లాగి మాడంతా భగ్గుమంది. అయినా నవ్వాను. గీతలు అటూ ఇటుగా పడ్డాయి. ముందు ఎడమవైపు క్రీము, ముందు కుడివైపు నూనె, వెనక ఎడమవైపు కలబంద. వెనక కుడివైపు ఏమీ రాయకూడదు. అది నా వట్టి ముక్క.

రాసే పని అత్తయ్యది. నా వేళ్ల చివర్లు తిమ్మిరెక్కి, చర్మం పగిలి, ఏది ముట్టుకున్నానో నాకే తెలియడం లేదు. పైగా తల వెనక భాగం నాకు కనబడదు. అత్తయ్య తక్కువ మాట్లాడే మనిషి. చెప్పింది విని తలూపింది. రోజూ పొద్దున వంటింట్లో స్టూలు వేసి కూర్చోబెట్టి, వెనక నిలబడి రాసేది. ఏ వేలు ఎక్కడ ఆనుతోందో తెలిసే తల కాదు నాది అప్పుడు, అంతా ఒకటే మంట. నొప్పికి మెలికలు తిరుగుతూ కూడా, వెనక కుడివైపు ముట్టుకోవద్దని రోజూ గుర్తుచేసేదాన్ని. ఊఁ అనేది.

కొన్నాళ్లు పోయాక రెండు అద్దాలు తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. నూనె రాసినచోట పొక్కులు ఇంకా లావయ్యాయి. కలబంద రాసినచోట చర్మం ఎర్రగా కంది ఉంది. క్రీము రాసినచోట నెమ్మదించింది. వట్టి ముక్క కూడా అచ్చం అలాగే నెమ్మదించింది. ఎంతసేపు చూసినా, అటు వెలుతురులో ఇటు వెలుతురులో చూసినా, ఆ రెండింటికీ తేడా లేదు.

రంగు వేసిన ముక్కా, వట్టి ముక్కా ఒకేలా ఉంటే ఏమని అర్థం? రంగు పట్టలేదని అర్థం. మా యూనిట్లో చేరిన వారానికే ఎవరైనా చెప్పేస్తారు. అంటే క్రీము కూడా దండగే. దాని మానాన దాన్ని వదిలేస్తే అదే తగ్గుతుంది. ఇక ఏమీ రాయవద్దని అత్తయ్యతో చెప్పాను. ఆమె ఏదో అనబోయింది. నా కన్ను ఎప్పుడూ తప్పలేదని నేను గొంతు పెంచాను. ఆమె క్రీము మూత బిగించి అలమరలో పెట్టేసింది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నాకు మందు మానేస్తే ఊడింది. చర్మం ఎండి, బీటలు తీసి, పొలుసులు లేచింది. నిద్రలో నాకు తెలియకుండానే గోకేసుకున్నాను. పొద్దున లేచేసరికి దిండు గలీబు మీద పసుపు మరకలు. జ్వరం లేదని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. వట్టిగా వదిలితే బాగున్న చర్మం, తలంతా వట్టిగా వదిలేస్తే ఎందుకు చెడింది? నా లెక్కలో తప్పు ఎక్కడుందో ఎంత వెతికినా దొరకలేదు. కన్ను చెడిందా, కీమో మెదడుకు కూడా ఎక్కిందా అని బెంగపడ్డాను.

తర్వాతి విడతకు వెళ్లేటప్పుడు టోపీ చెవుల దాకా లాక్కున్నాను. విప్పమంటే చలిగా ఉందని చెప్పాలనుకున్నాను. ఎక్కించేస్తే అయిపోతుంది, తల సంగతి తర్వాత చూసుకోవచ్చు. నర్సు సూది కోసం చెయ్యి చాపమంది. చాపాను. అప్పుడు నా వెనక నిలబడ్డ అత్తయ్య నా టోపీ తీసేసింది.

నర్సు సూది పక్కన పెట్టి డాక్టర్ని పిలిచింది. క్రీము ఎందుకు మానేశారని ఆయన అడిగారు. నా నాలుగు ముక్కల కథ చెప్పాను, వట్టి ముక్క కూడా క్రీము ముక్కలాగే బాగుపడిందని గట్టిగానే వాదించాను. డాక్టరు నా తలను ఇంకోసారి చూశారు. నాలాగే ఆయనకూ అర్థం కాలేదు.

అత్తయ్య గొంతు సవరించుకుంది. "ఆ వెనక కుడివైపు కూడా క్రీమే రాశానండీ, రోజూ." తర్వాత నా వైపు తిరిగింది. "నొప్పి నొప్పని నువ్వు మెలికలు తిరుగుతుంటే, అక్కడొక్కచోట వదిలేయడానికి నాకు చెయ్యి రాలేదమ్మా. చెబితే కోప్పడతావని చెప్పలేదు."

కోపం రావాలి. వచ్చింది కూడా. నా మొత్తం లెక్క చెడగొట్టింది ఆమే. కానీ అరవబోతే గొంతులోంచి ఏడుపు వచ్చింది, ఏడవబోతే నవ్వు వచ్చింది. డాక్టరు మాత్రలు రాసి, విడతను వారం వాయిదా వేశారు. వారం ఆగితే మునిగిపోయేదేమీ లేదన్నారు. నిజమో, నా మొహం చూసి అన్నారో తెలియదు. అది తేల్చుకోవడానికి వారం ఆగని ఇంకో నేను లేను కదా, పక్కన పెట్టి చూసుకోవడానికి.

ఇంటికి వచ్చాక గోరువెచ్చటి నీళ్లతో తల కడుక్కుని, మెత్తటి గుడ్డతో అద్దుకుని వంటింట్లోకి వెళ్లాను. అత్తయ్య క్రీము చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడింది, లోపలికి రావచ్చో రాకూడదో తెలియక.

నేను స్టూలు వేసుకుని, ఆమెకు వీపు పెట్టి కూర్చున్నాను.

"ఈసారి ఎక్కడా వదలొద్దు అత్తయ్యా," అన్నాను.