అతుక్కున్న తుంటి

మగ్దలీనమ్మ అబద్ధాలాడే మనిషి కాదు. నోటి దురుసు ఉంది, గొప్పలకు పోయే గుణం కూడా కాస్త ఉంది. కానీ పనిగట్టుకుని అబద్ధమాడి ఎవరినీ ముంచింది లేదు. తర్లుపాడు దగ్గర వాళ్ల పల్లెలో ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. అందుకే ఆ ఆదివారం ఆమె చర్చిలో నిలబడి చెప్పింది విని అందరూ నమ్మారు.

అసలు జరిగింది ఇది. శనివారం పొద్దున చర్చి నేల కడుగుతూ, తడి బండ మీద కాలు జారి పక్కకు పడింది. కుడి తుంటి నేలకు తగిలింది. గజ్జల్లో పొడిచినట్టు నొప్పి లేచి కళ్లు బైర్లు కమ్మాయి. పాస్టరు ఏబేలు పరిగెత్తుకొచ్చి ఆమెను గోడకు ఆనించి కూర్చోబెట్టాడు. తల మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థన చేశాడు. కాసేపటికి ఆమె లేచి, కుంటుతూనే ఇంటికి నడిచింది.

"మార్కాపురం పోయి ఎక్స్‌రే తీపిచ్చుకుందాం అత్తా" అంది కోడలు యేసుమణి.

"ఎముక విరిగినోళ్లు నడుస్తారటే? దేవుని మందిరంలో పడినదాన్ని ఆయన విరగనిస్తాడా? పోయి కూర దించు, మాడిపోతాంది."

మర్నాడు ఆరాధనలో సాక్ష్యాలు చెప్పేవాళ్లు ముందుకు రండన్నారు. మగ్దలీనమ్మ ఎప్పుడూ చెప్పేదే. తప్పిపోయిన మేక దొరకడం, మనవరాలికి జ్వరం తగ్గడం లాంటివి. ఆ రోజు మాత్రం, పడ్డాను, ప్రార్థన చేశారు, నొప్పి తగ్గింది అని చెబితే మరీ చప్పగా ఉంటుందనిపించింది. కొంచెం ఉప్పూ కారం తగిలించడం ఆ ఒక్క చర్చిలోనే ఉన్న అలవాటేం కాదు.

"నా తుంటి ఎముక రెండు ముక్కలైంది. నాకు తెలిసిపోయింది" అంది. "అయ్యగారు ప్రార్థన చేస్తాంటే లోపల అతుక్కునింది. చూడండి, మీ ముందర నిలబడినా."

అందరూ "స్తోత్రం, స్తోత్రం" అన్నారు. ఆడవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు. ఏబేలు పాస్టరు మొహం వెలిగిపోయింది. పాపం, పదేళ్లుగా ప్రార్థనలు చేస్తున్నాడు, ఇంత పెద్దది ఎప్పుడూ జరగలేదు.

తమాషా ఏమిటంటే, ఆమె కల్పించి చెప్పినదాంట్లో సగం నిజం. ఎముక నిజంగానే విరిగింది. అతుక్కోవడమే అబద్ధం.

ఆ సంగతి సోమవారం నుంచి ఆమెకు మెల్లగా తెలిసొచ్చింది. అడుగు వేస్తే గజ్జల్లో పోటు, పక్కకు ఒత్తిగిల్లితే పోటు. మిరపకాయల కోతకు పోకుండా జ్వరమని చెప్పింది. చేతికర్ర పట్టుకుందామంటే పట్టుకోలేని పరిస్థితి, ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు? పైగా పక్క పల్లె ఆడవాళ్లు కూడా వచ్చారు ఆ కాలు చూసిపోదామని. వచ్చిన ప్రతి ఒక్కరి కోసం లేచి, పళ్లు బిగబట్టి గడప దాకా నడిచి చూపించింది. ఒకామె వంగి ఆ తుంటిని ముట్టుకుని కళ్లకద్దుకుంది. మగ్దలీనమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. ఎదుటివాళ్లను సిగ్గుపడేలా చేయడమే గానీ, తను సిగ్గుపడటం ఆమెకు అలవాటు లేదు.

గురువారం పొద్దున యేసుమణి కోతకు పోయాక, మంచం దిగబోతుంటే తుంటి లోపల ఏదో జారినట్టయింది. కేక పెట్టి వెనక్కి పడింది. చూసుకుంటే కుడి పాదం బయటి వైపుకు ఒరిగిపోయి ఉంది. వేళ్లు గోడకేసి చూస్తున్నాయి. కాలు కూడా ఎడమ కాలికంటే పొట్టిగా కనిపిస్తోంది. చేత్తో పాదాన్ని తిన్నగా నిలబెట్టబోయింది. వదలగానే మళ్లీ ఒరిగింది. ఇంక చేసేదేం లేక దుప్పటి లాగి కప్పేసుకుంది.

మధ్యాహ్నం చంకకర్రల మీద నిత్యానందం వచ్చాడు. ఆమె చిన్నాన్న కొడుకు, తాపీ పని చేస్తాడు. మూడు వారాల కింద గోడ మీంచి పడి ఎడమ కాలి పిక్క ముందరి ఎముక విరిగింది. మార్కాపురంలో పాదం నుంచి మోకాలి దాకా పిండికట్టు వేశారు. ఆరు వారాలు కాలు కింద పెట్టొద్దనీ, కట్టు ముట్టుకోవద్దనీ, వేళ్లు నల్లబడినా తిమ్మిరెక్కినా వెంటనే రమ్మనీ చెప్పి పంపారు.

"అక్కా, ఒక తీర్మానం చేసుకున్నా" అన్నాడు, గచ్చు మీద చతికిలబడి కాలు చాపుకుంటూ. "ఆ పొద్దు నీ సాక్ష్యం విన్నప్పటి నుంచి నిద్ర లేదు. నీ ఎముకను అతికిచ్చినోడు నాది అతికియ్యడా? ఈ కట్టు కట్టుకుని తిరగడమే అవిశ్వాసం. కోసి పారేస్తా. రేప్పొద్దున పనికి పోతా."

జేబులోంచి ఇనుము కోసే రంపం బ్లేడు తీశాడు.

"డాక్టర్ని అడుగు రా ముందు" అంది మగ్దలీనమ్మ.

"నువ్వడిగినావా అక్కా?"

"ఆరు వారాలన్నాడు గదరా. ఇంకా మూడే గదా అయింది" అంది.

"దేవునికి వారాలెక్కడియి? నువ్వే గదా చెప్తావు." అతని మొహంలో ఎగతాళి లేదు. చిన్నపిల్లాడి నమ్మకం ఉంది, అంతే. "నువ్వు ప్రార్థన చేస్తాండు. నేను కోసుకుంటా."

బ్లేడు కట్టు మీద కరకరలాడింది. తెల్లటి పొడి గచ్చు మీద రాలుతోంది. నిజం చెబితే ఈ పల్లెలో తలెత్తుకుని తిరగడం ఉండదు. దేవుడి పేరు చెప్పి అబద్ధమాడిన ముసలిదంటారు. మిరపచేలో ఆమె మాట చెప్పుకుని నవ్వుకుంటారు. చెప్పకపోతే వీడు రేపు సగం అతికిన ఎముక మీద ఇటుకలు మోస్తాడు. పెళ్లాం బిడ్డలున్నవాడు.

"ఆపరా!" అని దుప్పటి లాగేసింది. "ఇటు చూడు."

నిత్యానందం చూశాడు. "పాదం ఏంది అక్కా అట్ల ఒరిగిపోయింది?"

ఇప్పుడే పడ్డానని చెప్పొచ్చు. నాలుక చివరి దాకా వచ్చింది ఆ మాట. కానీ అట్లా చెబితే, దేవుడు మళ్లీ అతికిస్తాడులే అక్కా అంటాడు వీడు, బ్లేడు ఆపడు.

"ఆ శనివారమే విరిగింది. అతుక్కోలేదు. చర్చిలో అబద్ధం చెప్పినా."

అతను బ్లేడు పక్కన పెట్టాడు. తిట్టలేదు. నాలుగు తిట్టినా బాగుండేదని ఆమెకనిపించింది. ఫోను తీసి ఆటోకూ, పాస్టరుకూ చెప్పాడు. జనం పోగయ్యాక మాత్రం, ఆమె వైపు చూడకుండా, "మంచం దిగతా పడింది, ఇప్పుడే" అని అందరికీ చెప్పాడు.

మగ్దలీనమ్మ విని కళ్లు మూసుకుంది.

మార్కాపురం దాకా ఆటో ఎగిరిన ప్రతి గుంతకూ ఆమెకు ప్రాణం పోయి వచ్చింది. పక్కన కూర్చున్న పొరుగింటి అలివేలమ్మ తల నిమురుతూ, "దేవుడు అతికిచ్చినాడని ఓర్వలేక సైతాను మళ్లా విరగ్గొట్టినాడు వదినా" అంది. అది నొప్పికంటే ఎక్కువ బాధపెట్టింది.

ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టుకుని చూశాడు. మంచం చుట్టూ పాస్టరు, అలివేలమ్మ, చంకకర్రలతో నిత్యానందం.

"ఎప్పుడు పడింది?"

"ఈ పొద్దే సార్" అన్నాడు నిత్యానందం.

"అంతకుముందు పడలేదు గదా? సరిగ్గా చెప్పండి. తుంటిలో ఈ బంతి ఉంది చూశారా, దీనికి రక్తం పోయే దారి ఆ విరిగిన చోటు మీదుగానే. ఈ రోజే విరిగిందంటే స్క్రూలు బిగించి కాపాడొచ్చు. రోజులు గడిచి ఉంటే అది చచ్చిపోతుంది. బిగించినా మళ్లీ నా దగ్గరికే తీసుకొస్తారు. అప్పుడు బంతే మార్చాలి."

నిత్యానందం గోడ వైపు చూశాడు. ఏబేలు పాస్టరు గొంతు సవరించుకున్నాడు. "శనివారం ఒకసారి పడింది సార్. కానీ అది ప్రార్థనలో..."

"అతుక్కోలేదయ్యగారూ" అంది మగ్దలీనమ్మ. "విరిగింది శనివారమే సార్."

"మరి నడిచావా?" డాక్టరు ఆశ్చర్యపోలేదు. "ముక్కలు ఒకదాంట్లో ఒకటి దిగబడి కరుచుకుంటే కొన్నాళ్లు నడవగలరు. తర్వాత జారతాయి."

"నడిచినా సార్. చర్చిలో నిలబడి, అతుక్కునిందని సాక్ష్యం గూడ చెప్పినా."

అలివేలమ్మ ఆమె తల మీంచి చెయ్యి తీసేసింది. డాక్టరు ఆపరేషన్ సంగతి మాట్లాడటానికి నర్సును పిలుస్తూ బయటికి వెళ్లాడు. ఏబేలు పాస్టరు వంగి, ఆమెకు మాత్రమే వినబడేట్టు అడిగాడు.

"మరి ఆ పొద్దు నేను ప్రార్థన చేస్తే ఏమీ కాలేదా అమ్మా?"

ఆమె ఆయన కళ్లలోకి చూసింది.

"నొప్పి తగ్గింది అయ్యగారూ. నిజంగా తగ్గింది" అంది. "అంతవరకు చెప్పుంటే సరిపోయేది."