ఫైర్‌లైన్ మీద అడుగులు

హాతీరాం ఇన్‌హేలర్‌ను ఆడించి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. లోపల మందు కదిలినట్టే ఉంది. అయినా నమ్మకం కుదరక మళ్లీ ఆడించాడు. మందుల షాపువాడు సగం ఖాళీ అయినదాన్ని అంటగట్టాడేమోనని అనుమానం. చుట్టూ ఒకసారి చూసి, జామాయిల్ చెట్టు చాటుకు జరిగి, దాన్ని నోట్లో పెట్టుకుని పీల్చి ఊపిరి బిగబట్టాడు. తోటంతా మంచుకు తడిసి ఉంది. ఆకు మీంచి చుక్క జారినా ఎవరో అడుగు వేసినట్టే వినిపిస్తోంది.

యాభై దాటిన మనిషి. ఎండిన కట్టెల్లాంటి కాళ్లు, గూడుకట్టిన ఛాతీ, మెడ దగ్గర చిరిగితే భార్య సోమ్లి నల్లదారంతో కుట్టిన ఖాకీ చొక్కా. ఆ చొక్కా మీద మాత్రం ఈగను వాలనివ్వడు. తోట వాచర్ అయ్యాకే జూలూరుపాడు పక్క తండాలో ఆయనకు కుర్చీ వేయడం మొదలుపెట్టారు. ఆ కొలువు పోతే మళ్లీ పత్తి ఏరుడే. పత్తి నూగులో ఆయన ఊపిరి ఒక్క సీజన్ కూడా నిలవదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, సోమ్లికి తెలుసు. మూడో మనిషికి తెలియకూడదు.

ఎందుకంటే కొత్త కాంట్రాక్టరు పంపిన సూపర్‌వైజర్ వచ్చిన రోజే చెప్పేశాడు. దొంగల వెంట ఉరకలేనివాళ్లూ, ఆయాసం ఉన్నవాళ్లూ ఇంటికి పోవచ్చన్నాడు. పోయిన ఎండాకాలం తోటలో మంట లేస్తే హాతీరాం ఉరికి ఉరికి సగంలోనే కూలబడ్డాడు. పిల్లికూతలు కూసే ఛాతీని రెండు చేతులా అదుముకుని, మోడు తగిలి పడ్డానని అబద్ధం ఆడాడు. తోటి వాచర్ పగిడయ్య అప్పుడు చూసిన చూపు ఆయన ఇంకా మర్చిపోలేదు.

దవాఖానాలో నర్సు భవాని ఉబ్బసం అని చెప్పి రెండు ఇన్‌హేలర్లు చూపించింది. ఒకటి రోజూ రెండు పూటలా పీల్చి నోరు పుక్కిలించాలట. రెండోది ఆయాసం వచ్చినప్పుడు, ఉరికే ముందు కూడా. అలవాటు చేసి జీవితాంతం కొనిపిస్తారన్నమాట అని హాతీరాం మూతి తిప్పుకుని వచ్చేశాడు. రెండు రాత్రులు కూర్చునే నిద్రపోయాక మళ్లీ వెళ్లి తెచ్చుకున్నాడు. ముందు నడవాలి, ఒంట్లో వేడి పుట్టాకే ఉరకాలి, కాసేపు ఉరికి కాసేపు నడవాలి, చలిలో ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, ఉరుకుతూ మాట్లాడగలిగితేనే ఆ వేగం మంచిది, పిల్లికూత వినపడితే ఆగిపోవాలి. ఇవన్నీ భవాని ఓపిగ్గా చెప్పింది.

రోడ్డు మీద బొగ్గు లారీల దుమ్ము. అందుకే తెల్లవారకముందే ఎవరి కంటా పడకుండా ఉరకడం నేర్చుకోవడానికి ఫైర్‌లైన్ ఎంచుకున్నాడు. మంటలు పాకకుండా చెట్లు కొట్టి చదును చేసిన బాట అది. ఒక హద్దురాయి దాకా ఉరుకు, ఇంకో రాయి దాకా నడక. మాట్లాడటానికి పక్కన ఎవరూ లేరు కాబట్టి తను అనుమానించే వాళ్ల పేర్లు వరసగా చెప్పుకుంటూ ఉరికేవాడు. పాలలో నీళ్లు కలిపే హోటలు ముత్యాలు, మందుల షాపువాడు, పగిడయ్య, పాల్వంచలో షిఫ్టు దిగి ఈ తోటకు అడ్డంపడి ఊరికి పోయే సంపత్. మొదట్లో రెండో పేరుకే దమ్ము ఆగేది. చలికాలం వచ్చేసరికి మండలంలో సగం మందిని తిట్టినా ఇంకా ఊపిరి మిగులుతోంది. ఈ ఉదయం వాగు కనిపించేదాకా వెళ్లగలిగాడు. వాగు దాటడం మాత్రం ఇంకా చేతకాలేదు. కాన్వాసు బూట్లు పుట్ట పక్క తొర్రలో దాచి, చెప్పులు వేసుకుని, ఏమీ ఎరగనట్టు డ్యూటీ ఎక్కాడు.

పొద్దంతా మామూలుగానే గడిచింది. మేకలను అదిలించాడు. కట్టెలు ఏరుకునే రూప్లి మోపు విప్పించి, పచ్చికట్టె లేదని చూశాకే పోనిచ్చాడు. మధ్యాహ్నం సద్దికి కాపలా గుడిసె దగ్గరికి వెళ్తే పగిడయ్య లేడు. ఫైర్‌లైన్ మీద గొంతుక్కూర్చుని నేలను చూస్తున్నాడు. హాతీరాం తొర్ర వైపు ఓసారి చూసి దగ్గరికి నడిచాడు.

అడుగులు చదవడం పగిడయ్యకు నేర్పింది హాతీరామే. మునివేళ్లు దిగబడితే ఉరుకు, మడమ దిగబడితే నడక అని ఈ బాట మీదే కూర్చోబెట్టి నేర్పాడు. ఇప్పుడు శిష్యుడు పుల్లతో చూపిస్తూ చదువుతున్నాడు.

“చూడే అన్నా. గింత దూరం ఉరికిండు, నడిచిండు, మల్ల ఉరికిండు. ఎవలన్న వస్తున్నరా అని ఆగి చూసుకుంట పోయిండు. దొంగనడక గిది.”

మొహానికి గుడ్డ కట్టుకున్న మనిషిని పొద్దున రూప్లి దూరం నుంచి చూసిందట. పోయిన వారం తోటలో కర్ర దొంగతనం జరిగింది కదా. బూట్లు వేసుకుని ఈ దారిన పోయేది సంపత్ ఒక్కడే. సూపర్‌వైజర్‌కు ఫోన్ చేశాననీ, బండి మీద వస్తున్నాడనీ, షిఫ్టు దిగి వచ్చేటప్పుడు సంపత్‌ను పట్టుకుని ఠాణాలో అప్పజెబుతాడనీ పగిడయ్య చెప్పుకుపోయాడు. గాలికి చెదరకుండా బాగా పడిన అడుగు ఒకటి చూసి, దాని మీద తను తినే సత్తుపళ్లెం బోర్లించాడు.

హాతీరాంకు సంపత్ అంటే పడదు. నవ్వుతూ పలకరించే మనిషిని ఆయన ఏనాడూ నమ్మలేదు. నోరు మూసుకుంటే చాలు, ఖాకీ చొక్కా ఒంటిమీదే ఉంటుంది. ఆ మాట మనసులోకి వచ్చినందుకు ఆయనకు తన మీదే అసహ్యం వేసింది. ఈ లోకంలో ఆయనకు అనుమానం లేనిది ఒక్కటే దొరికింది, అది కూడా తన అడుగే.

“అవి నా అడుగులే, పగిడయ్యా.”

పగిడయ్య తల ఎత్తాడు. “సంపతుగాడు ఎంత ముట్టజెప్పిండే?”

ఆ మాట హాతీరాంకు చెంపదెబ్బలా తగిలింది. ఎవర్నీ నమ్మొద్దని వాడికి నూరిపోసింది తనే. ఏమని కోప్పడతాడు? తొర్రలోంచి బూట్లు తీసి చూపించాడు. సంపత్ ఇచ్చి ఉంటాడన్నాడు పగిడయ్య. హాతీరాం జేబులోంచి ఇన్‌హేలర్ తీశాడు. అదేందన్నాడు పగిడయ్య.

“నాకు దమ్ము రోగమున్నది. ఎండాకాలం మోడు తగిలి పడలే. ఊపిరాడక పడ్డ. రోజూ గిక్కడ ఉరుకుడు నేర్చుకుంటున్న.”

“ఉరుకు మరి, చూస్త.”

హాతీరాం బూట్లు తొడిగి, దాక్కోకుండా, పగిడయ్య ఎదుటే మందు పీల్చాడు. కాసేపు కూర్చున్నాడు. తర్వాత మెల్లగా నడిచి, ఒళ్లు వేడెక్కాక ఉరకడం మొదలుపెట్టాడు. హద్దురాయి నుంచి వెనక్కి రావాలనుకున్నాడు. అంతలో తోట గేటు దగ్గర బండి చప్పుడైంది. ఇన్నేళ్లు కాసిన తోటలో ఆ సూపర్‌వైజర్ ముందు చేతులు కట్టుకుని నిలబడి, పొమ్మనిపించుకుని పోవడానికి మనసొప్పలేదు. రాయి దాటేశాడు. రాయి రాయికీ ఛాతీకి చెవొగ్గి విన్నాడు. కూత లేదు. అది కూడా మోసమేమో అనుకుంటూనే వాగులో దిగి అవతలి గట్టు ఎక్కేశాడు. ఒక్కడే నవ్వుకున్నాడు, ఏడ్చాడు కూడా. తండా రోడ్డు వైపు తిరిగిపోయాడు.

పగిడయ్య కొత్త అడుగుల వెంట వంగి వంగి నడిచాడు. అవే బూట్లు, అదే ఎడంకాలి ఒరుగు. హద్దురాయి దాటాక మడమ దిగబడిన అడుగు మాత్రం వాగు దాకా ఒక్కటీ దొరకలేదు. తిరిగొచ్చేసరికి సూపర్‌వైజర్ బండి దిగి, దొంగ ఎవడని అడిగాడు.

“దొంగ కాదు సారూ. మా హాతీరామన్న.”

“ఏడి?”

“పోయిండు.”

దమ్ము రోగమున్న మనిషని ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదని సూపర్‌వైజర్ కేకలేశాడు. బండి వెళ్లిపోయింది. చీకటి పడేవేళకు షిఫ్టు దిగిన సంపత్ ఎప్పటిలాగే పలకరిస్తూ ఆ దారినే పోయాడు. ఆకలవుతున్నా పగిడయ్యకు తన పళ్లాన్ని ఎత్తడానికి చేతులు రాలేదు. ఫైర్‌లైన్ నడిమధ్యలో, ఒక అడుగును కప్పుకుని, సత్తుపళ్లెం బోర్లించినట్టే ఉండిపోయింది.